బాతిల్డ్ మహారాణి

ఎవరిస్త్ ల్యుమినే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1880 లో ఒక తైలవర్ణచిత్రాన్ని రచించాడు. విశాలమైన సేన్ నది; దానిపై చుక్కాని పట్టేవాడు లేక కొట్టుకొనిపోతున్న తెప్ప; తెప్పమీది పరుపుపై పాలిపోయిన ముఖాలతో ఇద్దరు రాజకుమారులు. వారి కాళ్లకు కట్లు కట్టి ఉన్నవి. పాదాలచెంత చిరుదీపం వెలుగుతున్నది. ల్యుమినే రచించిన ఈ దృశ్యం ఒకటి ఆస్ట్రేలియాలోని సిడ్నీ చిత్రశాలలోను, మరొకటి ఫ్రాన్సులోని రువాన్ నగరంలోను ఉన్నవి.

చిత్రానికి మూలం ఒక మధ్యయుగపు గాథ. ఫ్రాంకుల రాజైన రెండవ క్లోవిస్ పవిత్రభూమికి యాత్ర పోగా కుమారులు తిరుగబడ్డారట. మరలివచ్చిన తండ్రి వారి కాళ్ల నరాలను కాల్పించి, తెప్పపై పరుండబెట్టి నదిలో విడిపించాడట. జుమియేజ్ మఠం చెంత తెప్ప ఒడ్డు చేరగా సన్న్యాసులు వారికి ఆశ్రయమిచ్చారట. ఆ శిక్షను సూచించినది కన్నతల్లియే అని కూడా గాథ చెబుతుంది. పటంలో కానరాని ఆ తల్లి పేరు బాతిల్డ్.

ఆమె ఏడవ శతాబ్దపు ఆంగ్లో సాక్సన్ బాలిక. సముద్రం దాటించి తెచ్చిన ఆమెను ఎర్కినోల్డ్ అనే రాజప్రాసాదాధిపతి కొద్దిపాటి వెలకు కొన్నాడు. ఆ యింట ఆమె పానపాత్రలు అందించింది. వృద్ధస్త్రీల పాదాలు కడిగింది. భార్య గతించిన పిమ్మట ప్రభువు ఆమెను వివాహమాడదలచాడు. ఆమె చింకిగుడ్డలు కప్పుకొని ఒక మూల దాగి, అతడు వేరొకతెను పెండ్లాడేవరకు బయటికి రాలేదట. ఆమె మరణించిన కొద్దికాలానికే వ్రాయబడిన జీవితచరిత్రలో ఈ వృత్తాంతం ఉన్నది. యజమానిని కాదన్న ఆ దాసి సుమారు 648 ప్రాంతాన సాక్షాత్తు రాజుకే భార్య అయింది.

657 లో క్లోవిస్ మరణించాడు. అతనికప్పటికి పాతికేండ్లు నిండలేదు. పెద్దకొడుకు పసివాడు కావడంచేత రాజ్యభారం రాణిపై పడింది. క్రైస్తవ బందీలను బానిసలుగా అన్యదేశాలకు అమ్మరాదని ఆమె శాసించింది. స్వంత ధనం వెచ్చించి అనేకులను విడిపించింది. వారిలో తన జాతివారిని మరువలేదు. పన్నుభారానికి జడిసి తల్లిదండ్రులు పసిబిడ్డలను చావనిచ్చే దురాచారం ఉండగా, దానినీ మాన్పించింది. బానిసత్వమే రూపుమాసిందని కాదు. కాని ఒకనాడు అంగడిసరుకైన మనిషి ఆ అంగడిని గూర్చి శాసనం చేయడం చరిత్రలో ఎన్నిసార్లు జరిగింది?

ఆమె పాలన నిష్కళంకమనడమూ సరికాదు. తొమ్మిదిమంది బిషప్పులను చంపించిందని ఒక ఆంగ్ల మతాచార్యుని చరిత్ర నింద మోపింది. ఆ సంఖ్యను పండితులు నమ్మకపోయినా, లియాన్ బిషప్పు వధ ఆమె కాలంలోనే జరిగింది. ప్రభువుల పగలమధ్య సింహాసనాన్ని కాపాడవలసినవారి చేతులు శుభ్రంగా ఉండడం అరుదు.

ఆమె కోర్బీ, షెల్ మఠాలను స్థాపించింది. గాథలో రాకుమారులకు ఆశ్రయమిచ్చిన జుమియేజ్ మఠానికి 654 లో భూమినిచ్చినదికూడా ఆ దంపతులే. ఇక గాథ మాటకు వస్తే, క్లోవిస్ పవిత్రభూమికి పోనే లేదు; అతడు చనిపోయేనాటికి తిరుగబడే ఈడు ఆ బిడ్డలకు లేదు; ముగ్గురు కుమారులూ తరువాత రాజులై ఏలినవారే.

సుమారు 665 లో ప్రభువులది పైచేయి కాగా బాతిల్డ్ షెల్ మఠం చేరింది. తన ఇష్టంతోనే చేరిందని చరిత్రకారులందరు ఒప్పుకొనరు. తాను కట్టించిన మఠంలోనే ఆమె సామాన్య సన్న్యాసినిగా, మఠాధికారిణి బెర్తిలాకు విధేయురాలై, వంటశాలలో ఊడిగం చేసింది. 680 ప్రాంతాన కన్నుమూసింది.

ఆమెదని చెప్పబడే నారవస్త్రపు అంగీ షెల్ పట్టణంలో భద్రపరచబడి ఉన్నది. దాని మెడచుట్టూ హారాలు, పతకాలు, శిలువ కనిపిస్తాయి. అవి బంగారువి కావు; రంగురంగుల పట్టుదారాలతో కుట్టినవి.