శ్రీ జి. డి. నాయుడుగారు – 70 రూపాయల రేడియో

అవినాశి నుండి కోయంబత్తూరుకు వచ్చిపోయే మన కుటుంబాలవారికి శ్రీ జి. డి. నాయుడుగారి పేరు క్రొత్త కాదు. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుమీద తెరచిన ఫ్లైఓవరుకు వారి పేరే పెట్టారు. వారి రేడియో సంగతి మాత్రము మన పిల్లలలో ఎందరికి తెలుసునో!

వారు 1893 మార్చి 23న కలంగల్ గ్రామమున, మనవలె ఇంట తెలుగు మాటాడే రైతు కుటుంబములో జన్మించారు. బడి చదువు ప్రాథమిక తరగతులు దాటలేదు. ఒక దొరగారి మోటారు సైకిలు చూచి మనసు పారేసుకుని, హోటలులో పనిచేసి కూడబెట్టిన 300 రూపాయలు పెట్టి దానిని కొన్నారు. ఊరేగుటకు కాదు, విప్పి చూచుటకు! 1920లో ఒక్క బస్సుతో, తామే డ్రైవరై, పొల్లాచ్చి – పళని దారిన వ్యాపారము మొదలుపెట్టారు. తరువాతి కథ లోకమెరిగినదే.

1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని వారు ప్రకటించారు. సీమనుండి వచ్చే రేడియోలు కలవారి ఇండ్లలోనే పలికే రోజులవి. రేడియోలో వాల్వు పెరిగితే వెల పెరుగుతుంది, తగ్గితే వినికిడి తగ్గుతుంది. చిక్కంతా అక్కడే.

ఇంజనీరింగు చదివే మన పిల్లలు దీనిని పాతకాలపు ముచ్చట అనుకోరాదు. ఇప్పటి సెల్‌ఫోను టవరుమీద ఒక్కచోటనే 64 ఏంటెనాలు ఉండవచ్చును. ప్రతి ఏంటెనా వెనుకను, వచ్చిన తరంగమును మెట్లుగా విడగొట్టి అంకెలుగా మార్చే క్వాంటైజరు ఉండాలి. 8 బిట్లయితే 256 మెట్లు. అన్ని మెట్లను ఒక్కసారిగా పోల్చే రకములో 255 పోలిక సర్క్యూట్లు కావాలి. 3 బిట్లయితే 7 చాలును. కరెంటు ఖర్చు, వెల ఎంత తగ్గునో చూడండి! మెట్లు ముతకవైనప్పుడు ప్రతి ఏంటెనాలోను కొంత తప్పు దొర్లుతుంది. అన్నిటినీ కలిపి చూచినప్పుడు ఆ తప్పు చాలవరకు సర్దుకుంటుంది. సంకేతము తరచుగా ఉండే చోట మెట్లు దగ్గరగాను, అరుదుగా తాకే చోట ఎడముగాను పెట్టుటయే అందులోని నేర్పు. ఎంత తగ్గించినా మాట వినబడునన్నది ఈనాటి పరిశోధకుల ప్రశ్న. నాయుడుగారి ప్రశ్నయు నా దృష్టిలో అదే.

అన్నీ వారు కోరినట్లు జరుగలేదు. 1952లో తయారైన 2,000 రూపాయల చిన్న కారు, లైసెన్సు దొరకక ఆగిపోయినది. ఆ కారు మన వీధులలో తిరిగియుంటే ఎంత బాగుండెడిది!

వారు 1974 జనవరి 4న కీర్తిశేషులైనారు. వారి వస్తుప్రదర్శనశాల అవినాశి రోడ్డుమీదనే ఉన్నది.