చుక్కల లూయిస్

బందరులో బెజవాడ బస్సు ఎక్కితే దారిలో ఉయ్యూరు వస్తుంది. బందరు సముద్రం పక్కన ఉప్పు పండిస్తారు, ఉయ్యూరు ఫ్యాక్టరీలో పంచదార చేస్తారు. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండూ నీళ్లలో కరుగుతాయి. కానీ ఉప్పునీళ్లలో రెండు వైర్లు పెడితే బల్బు వెలుగుతుంది, పంచదార నీళ్లలో వెలగదు. మూకుట్లో వేస్తే పంచదార కరిగి మాడిపోతుంది, ఉప్పు 801 డిగ్రీల దాకా కరగదు. ఒకటి కోవలెంట్, ఇంకోటి అయానిక్ అని బట్టీపట్టి ఎంసెట్ రాసేశాం. (తెలుగులో సమయోజనీయం అంటారని నాకు నిన్నమొన్నే తెలిసింది.) అప్పుడు చుక్కలు పెట్టి బొమ్మలు వేశాం కదా, ఆ చుక్కల మనిషి కథ ఇది.

గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ 1875లో అమెరికాలో పుట్టాడు. హార్వర్డ్‌లో డాక్టరేట్, తర్వాత జర్మనీ, కొన్నాళ్లు మనీలాలో తూనికలు కొలతల ఆఫీసు, 1912 నుంచి చివరిదాకా బర్క్‌లీ.

1902లో పాఠం చెబుతూ ఒక ఘనం బొమ్మ గీసి, మూలల్లో ఎలక్ట్రాన్లు పెట్టాడు. అచ్చు వెయ్యలేదు. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది, ప్లస్ మైనస్ అతుక్కుంటాయి. ఇంతవరకు బాగానే ఉంది. మరి రెండు హైడ్రోజన్లు కలిస్తే ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? ఈ ప్రశ్నకి జవాబు అచ్చులోకి రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 1916 పేపర్లో లూయిస్ చెప్పింది ఏంటంటే, ఎవరూ ఇవ్వరు, ఒక జతని ఇద్దరూ పంచుకుంటారు. ఇద్దరు రైతులకి ఉమ్మడి బోదె లాగా.

నాకు బాగా నచ్చింది దీని తర్వాతి ముక్క. ఆ బోదె నీళ్లు ఒక రైతే ఎక్కువ వాడుకోవచ్చు, పూర్తిగా తనవైపే తిప్పుకోవచ్చు కూడా. అంటే అయానిక్, కోవలెంట్ రెండు వేరే డబ్బాలు కావు, ఒకే దారికి రెండు చివర్లు. హైడ్రోజన్ క్లోరైడ్ గ్యాస్‌గా ఉంటే కోవలెంటే, నీళ్లలో కలిస్తే అయాన్లుగా విడిపోయి బల్బు వెలిగిస్తుంది. బల్బు టెస్ట్ ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ బోల్తా పడతాం.

1919లో లాంగ్‌మ్యూర్ ఈ ఆలోచనని పెంచి, కోవలెన్స్ అని పేరు పెట్టి, ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. మంచి మాటకారి. లూయిస్ స్టేజీ మనిషి కాదు. జనం లాంగ్‌మ్యూర్ థియరీ అనడం మొదలుపెట్టారు, లూయిస్‌కి మండింది. 1932లో లాంగ్‌మ్యూర్‌కి నోబెల్ వచ్చింది, అది వేరే పనికే అనుకోండి. 1934లో బర్క్‌లీలోనే చదివిన యూరీకి భారహైడ్రోజన్ మీద వచ్చింది. అసలు భారజలాన్ని మొదట శుద్ధంగా తీసింది లూయిస్. 40 సార్లు దాకా నామినేట్ అయినా ఆయనకి మాత్రం రాలేదు. నా లెక్కలో ఇది అన్యాయమే.

1946 మార్చి 23న లాంగ్‌మ్యూర్ బర్క్‌లీ వచ్చాడు. ఇద్దరూ కలిసి భోంచేశారని చెబుతారు. ఆ మధ్యాహ్నం లూయిస్ ల్యాబ్‌లో ఒంటరిగా హైడ్రోజన్ సయనైడ్‌తో పనిచేస్తున్నాడు. పొటాషియం సయనైడ్ అయానిక్, ఉప్పులాగే గట్టి పదార్థం, 600 డిగ్రీలు దాటితేగాని కరగదు. హైడ్రోజన్ సయనైడ్ కోవలెంట్, 26 డిగ్రీలకే మరిగి గాలిలో కలుస్తుంది. స్టూడెంట్ ఒకరు వచ్చి చూసేసరికి ఆయన నేల మీద పడి ఉన్నాడు, గదిలో ఆ వాసన ఉంది. గుండె ఆగి పోయాడని రాసుకున్నారు. వయసు 70.