రెండుసార్లు మెట్రిక్ తప్పిన యల్లాప్రగడ సుబ్బారావు

నరసరావుపేటలో గానీ మాచర్లలో గానీ బైపీసీ చదివే పిల్లల్ని అడగండి, ఏటీపీ అంటే ఏమిటో తడుముకోకుండా చెబుతారు. శరీరంలోని ప్రతి కణానికీ శక్తిని అందించే పదార్థం అది. కానీ దాన్ని వెలికితీసిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడని చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి బయల్దేరాడు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ మాత్రం చదువు విషయంలో పట్టు వదల్లేదు. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. ఆమె నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడ తిరువల్లిక్కేణి హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి గట్టెక్కాడు.

ఈ కథను చాలామంది మార్కులదేముంది అని చెప్పడానికి వాడుకుంటారు. నాకు అది సరిగా అనిపించదు. ఆయనకు పరీక్షలు తప్పిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు దానికి మూల్యం చెల్లించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో కూడా అంతే. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదికి వెళ్లడం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా.

ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతూ మనిషి చిక్కిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారి సాయం, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం కలిస్తే 1923లో ఓడెక్కి, అక్టోబరు నెలాఖరుకు బోస్టన్ చేరారు. అక్కడ ఎల్ఎంఎస్ పట్టాతో డాక్టరు ఉద్యోగం రాదు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని.

అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలిక పద్ధతిని ఇద్దరూ కలిసి తయారుచేసి 1925లో ప్రచురించారు. ద్రావణంలో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. కండరాల సారంతో ఇదే పరీక్ష చేస్తే ఒక తేడా కనబడింది. రంగు వెంటనే రావాల్సింది, నెమ్మదిగా వచ్చింది. మరొకరైతే పరీక్ష చెడిందని గొట్టం కడిగేసేవారేమో. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకని వెతికారు. ఆమ్లం తగిలితే మెల్లగా విడిపోయి ఫాస్ఫేటును వదిలే కొత్త పదార్థమేదో కండరంలో ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకు ఏటీపీ. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా దాన్నే కనుగొన్నాడు. కండరం దేనితో కదులుతుందన్న దానిపై అంతకుముందు నోబెల్ అందుకున్న వివరణను కూడా ఈ పరిశోధనలు తిరగరాయించాయి.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు మారారు. త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. ఇవాళ మన ఊళ్లలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో కలిపేది అదే. 1945-46 ప్రాంతంలో టామ్ స్పీస్ అనే వైద్యుడు ఆ మందును స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్లు కోలుకున్నారు. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు మందు తన ల్యాబు నుంచే వచ్చింది, పాతికేళ్లు ఆలస్యంగా.

ఫైలేరియాకు వాడే హెట్రజాన్ 1947లో వచ్చింది. మరుసటి ఏడు ఆరియోమైసిన్ మార్కెట్లోకి వచ్చింది. నేటి టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అది పెద్దక్క. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్, ఆయన్ను ఆ పనిలో పెట్టి వెన్నంటి ఉన్నది సుబ్బారావు.

బోస్టన్‌లో పిల్లల వ్యాధుల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లల్లో ఒక విషయం గమనించాడు. ఫోలిక్ యాసిడ్ లాంటివి ఇస్తే జబ్బు ముదురుతున్నట్టుంది. అయితే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి పంపింది. పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తగ్గుదల నిలవలేదు, నెలల్లోనే తిరగబెట్టింది. అయినా పిల్లల తీవ్ర రక్తకేన్సరు ఒక మందుకు లొంగడం అదే మొదలు. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ పిల్లల రక్తకేన్సరు చికిత్సలో వాడుతున్నారు. కీళ్లవాతానికి కూడా రాస్తారు.

రెండు నెలలు దాటగానే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు, నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఓడెక్కిన నాటి నుంచి ఆయన మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టలేదు. అమెరికా వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. నాలుగేళ్లు కాపురం చేసిన శేషగిరి, ఆ తర్వాత పాతికేళ్లపాటు భర్తను చూడకుండానే ఆయన మరణవార్త విన్నారు.