పిల్లలతో కొండదారి పట్టిన డాన్ బోస్కో

పునీత డాన్ బోస్కో పేరు వినగానే మీకు బడులు, వృత్తి శిక్షణాలయాలు గుర్తుకు వస్తాయి. పట్నంలోని బీద పిల్లలను వెంటబెట్టుకుని పల్లెబాట పట్టి, వారితోపాటు గడ్డిలో పడుకున్న డాన్ బోస్కోను ఈ వారం తలచుకుందాం.

ఆయన 1815 ఆగస్టు 16న ఇటలీలోని బెక్కి అనే కుగ్రామంలో, బీద రైతు ఇంట పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. తల్లి మార్గరీత కష్టపడి పెంచింది. 1841లో గురుపట్టం పొంది టూరిన్ నగరం చేరారు. పొట్టకూటికి పల్లెలు విడిచి వచ్చిన పిల్లలు అక్కడ తాపీ పనుల్లో మట్టి మోస్తూ, పొగగొట్టాలు ఊడుస్తూ కనబడ్డారు. కొందరిని జైలులోనూ చూశారు. ఆ ఏడు డిసెంబరు 8న ఒక్క కుర్రవాడితో మొదలైన కూటమి కొన్నేళ్లలో వందల్లోకి పెరిగింది. ఆ అల్లరి భరించలేక ఎవరూ చోటివ్వలేదు. అప్పుడు ఆదివారం పూజ, జ్ఞానోపదేశం ముగించి, పిల్లలను ఊరి బయటి కొండలకు, సూపెర్గా గుడివరకు కూడా నడిపించుకుపోయేవారు. 1846 ఈస్టరునాడు వల్దొక్కోలో ఒక పాక దొరికింది.

ఆ వేసవిలోనే ఆయన తీవ్రంగా జబ్బుపడ్డారు. కోలుకోవడానికి బెక్కి వెళ్లి, నవంబరులో తల్లిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చారు. సొంత ఊరిగాలి తనకు చేసిన మేలు పిల్లలకూ అందాలనుకున్నారేమో! తరువాతి ఏళ్లలో, అక్టోబరులో జపమాల మాత పండుగకు పిల్లలను బెక్కికి తీసుకుపోవడం ఆనవాయితీ అయింది. దూరం సుమారు 30 కిలోమీటర్లు. మనకు నిజామాబాదు నుండి బోధను ఎంతో, అంతకు కొంచెం ఎక్కువ. అన్న జోసెఫు ఇంట దిగేవారు. పడక గడ్డిమీద. తిండి మన మక్క గటకలాంటి పొలెంతా. తరువాత ఆ నడకలు రోజుల తరబడి మొన్‌ఫెర్రాతో కొండపల్లెల మీదుగా సాగాయి. పిల్లలు బ్యాండు వాయించి, నాటకాలాడేవారు. ఊరి గురువులు, గృహస్థులు అన్నం పెట్టి, పడుకోను చోటిచ్చేవారు.

ఆ యాత్రల ఫలం చూడండి. 1854 అక్టోబరు 2న బెక్కిలోనే పన్నెండేళ్ల దొమినిక్ సావియో తండ్రితో వచ్చి ఆయనను కలిశాడు. 1864లో మొర్నేసె గ్రామంలో మరియ మజ్జరెల్లో ఆయనను మొదటిసారి చూసింది. ఎనిమిదేళ్లకు ఆమెతో కలిసి సలేషియన్ సిస్టర్ల సభను స్థాపించారు. ఇద్దరూ నేడు పునీతులే. డాన్ బోస్కో 1888 జనవరి 31న కన్నుమూశారు. 1934 ఈస్టరునాడు శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది.

ఇక మన ఇంటివైపు చూద్దాం. నిజామాబాదు వాడల్లో తల్లులు బీడీలు చుడుతూంటే పక్కనే కూర్చుని ఆకు కత్తిరించే పిల్లలున్నారు. బోధనులో 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక పని వెదుక్కుంటూ తిరిగిన కుటుంబాలున్నాయి. అలీసాగర్ పట్నానికి పది కిలోమీటర్లే. అయినా ఆ పిల్లల్లో ఎందరు చెరువుగట్టున పొద్దు గుంకడం చూశారు? ఎందరు చుక్కలకింద కథ విన్నారు?

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఊరి బయట ఒక బడి వరండా, వండిపెట్టే ఇద్దరు తల్లులు, తాగడానికి మంచినీరు, ఆడపిల్లలకు తోడుగా సిస్టర్లు ఉంటే చాలు. తల్లిదండ్రుల అనుమతి మాత్రం తప్పనిసరి. వీలైతే వారినీ రమ్మనండి. డాన్ బోస్కో పిల్లలను ఎవరికో అప్పగించి పంపలేదు. వారు తిన్నది తిని, వారు నడిచిన దారే నడిచారు. మీ విచారణలో ఈ దసరా సెలవుల్లో ఒక్కరాత్రి అలా పిల్లలతో ఉండగలిగేవారెవరో, వచ్చే ఆదివారం పూజ తరువాత మీ ఫాదరుగారితో కూర్చుని మాట్లాడండి.