రాజా రామమోహనరాయలు: పాఠశాలలలో మతగ్రంథపఠనము

ప్రజల పన్నులతో నడచు పాఠశాలలలో మతగ్రంథములను బోధింపవచ్చునా యను ప్రశ్న మన దేశమున నేటికిని సమసిపోలేదు. బోధింపనిచో బాలురు నీతినియమములు లేనివారగుదురని యొక పక్షమువారును, బోధించినచో బడి మతకలహములకు స్థానమగునని వేఱొక పక్షమువారును వాదించుచుందురు. ఈ రెండు పక్షములవారికిని ఆలోచింపదగిన సాక్ష్యము రాజా రామమోహనరాయలవారి జీవితమున గలదు. ఆయన సహగమన నిషేధమునకై చేసిన కృషి లోకవిదితము. విద్యావిషయమున ఆయన నడచిన మార్గము అంతగా తలంపునకు రాదు. కావున ఆ భాగమునే యిచ్చట క్రమముగా వివరించెదను.

రామమోహనుడు వంగదేశమున హుగ్లీ మండలములోని రాధానగరమునందు బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. జననసంవత్సరము 1772 అని కొందఱును, 1774 అని కొందఱును వ్రాసియున్నారు. ఆ కాలమున కొలువులకు పారసీకమే ద్వారమగుటచే బాల్యముననే దాని నభ్యసించెను. అరబ్బీ నేర్చి ఖురానును, సంస్కృతము నేర్చి యుపనిషత్తులను చదివెను. ఏకేశ్వరవాదమును సమర్థించుచు 1803-04 ప్రాంతమున పారసీకభాషలో ఒక గ్రంథమును ప్రకటించెను. పిమ్మట ఆంగ్లమున పాండిత్యము సంపాదించెను. క్రైస్తవ పండితులతో వాదము తటస్థించినప్పుడు మూలమును స్వయముగా చూడవలెనని హీబ్రూ గ్రీకు భాషలనుగూడ నేర్చెను. ఒక మతగ్రంథమును గూర్చి మాటాడుటకు ముందు దానిని దాని భాషయందే చదువవలెననుట ఆయన నియమమని దీనివలన తెలియుచున్నది. దస్తావేజును చూడక దానిపై వాదించు వకీలును ఏ న్యాయస్థానమును మన్నింపదు గదా!

ఉద్యోగము విడిచి కలకత్తాలో స్థిరపడిన పిదప 1815లో ఆత్మీయసభను స్థాపించెను. వేదాంతసూత్రములను, కొన్ని యుపనిషత్తులను వంగభాషలోనికి మార్చి అచ్చువేయించెను. పండితుల యిండ్లలో దాగియున్న శాస్త్రమును సామాన్యుని చేతికిచ్చినందున పూర్వాచారపరులు ఆయనపై కినిసిరి. 1820లో ఏసుక్రీస్తు నీతిబోధలను, అద్భుతకార్యముల నుండియు సిద్ధాంతవివాదముల నుండియు వేఱుచేసి, ఒక పుస్తకముగా ప్రకటించెను. అందులకు శ్రీరామపురపు మిషనరీలు ఆయనపై పత్రికాయుద్ధము సాగించిరి. ఇట్లు గ్రంథము నెవరైనను చదువవచ్చునన్న ఒక్క మాటకే ఆయన ఉభయులకును శత్రువయ్యెను.

ఇక పాఠశాలల విషయము. 1817లో కలకత్తాలో హిందూకళాశాల స్థాపింపబడునప్పుడు, రామమోహనుడు కార్యనిర్వాహకులలో నుండినచో తాము చేరమని కొందఱు పెద్దలు పట్టుపట్టిరి. విద్యాలయము నిలుచుటయే ముఖ్యమని యెంచి ఆయన తానై తొలగెను. 1822లో తన వ్యయముతో ఆంగ్లో హిందూ పాఠశాలను నెలకొల్పెను. అందు క్రైస్తవమత సిద్ధాంతములు బోధింపబడలేదు. నీతిధర్మములు శ్రద్ధతో నేర్పబడెను. లోకచరిత్ర గ్రహింపగల పెద్ద విద్యార్థులకు మాత్రము క్రైస్తవమతచరిత్రయు చరిత్రలో భాగముగా చెప్పబడుచుండెను. దేవేంద్రనాథ ఠాకూరు బాల్యమున ఈ పాఠశాలయందే చదివెను.

1813 నాటి రాజశాసనము భారతీయుల విద్యకై ఏటేట లక్ష రూపాయలకు తక్కువకాకుండ వినియోగింపవలెనని విధించెను. ఆ సొమ్ముతో కలకత్తాలో సంస్కృతకళాశాలను స్థాపింప ప్రభుత్వము నిశ్చయింపగా, 1823 డిసెంబరు 11వ తేదీన రామమోహనుడు గవర్నరు జనరలగు ఆమ్హరెస్టు ప్రభువునకు విన్నపము వ్రాసెను. గణితము, ప్రకృతిశాస్త్రము, రసాయనశాస్త్రము, శరీరనిర్మాణశాస్త్రము మొదలగువానిని నేర్పుటకే ఆ ధనము వినియోగపడవలెనని అందు కోరెను. దీనినిబట్టి ఆయన వేదాంతమును తృణీకరించెనని తలంపరాదు. ఏలయన, అటుపిమ్మట రెండుమూడేండ్లలోనే తన సొంత ప్రయత్నముతో ఒక వేదాంతకళాశాలను స్థాపించెను. ఈ రెంటికిని వైరుధ్యము నాకు కానరాదు. అందఱి ధనము అందఱికిని పనికివచ్చు విద్యకు చెల్లవలెను. శాస్త్రపఠనమును దానియందు విశ్వాసము గలవారు తమ ధనముతో సాగింపవలెను. ఆయన నడవడి నుండి నేను గ్రహించిన న్యాయమిది.

1830లో అలెగ్జాండరు డఫ్ అను యువక మిషనరీ కలకత్తాకు వచ్చెను. ఆంగ్లపాఠశాల తెఱచి బైబిలును పాఠ్యముగా నుంచవలెనని ఆయన యుద్దేశము. తోడి మిషనరీలలో పలువురు ఆయనను ప్రోత్సహింపలేదు. రామమోహనుడు మాత్రము చిత్పూరు మార్గములో బ్రహ్మసభ యంతకుముందు కూడుచుండిన మందిరమును ఇప్పించి, తొలి విద్యార్థులనుగూడ సమకూర్చెను. జూలై 13వ తేదీన పాఠశాల ప్రారంభమయ్యెను. సువార్త పుస్తకములు చేతికిచ్చినంతనే విద్యార్థులలో గుసగుసలు బయలుదేఱెను. అచ్చటనే యున్న రామమోహనుడు లేచి, విల్సను పండితుడు హిందూశాస్త్రములను చదివియు హిందువు కాలేదనియు, తాను ఖురానును పలుమాఱులు చదివియు మహమ్మదీయుడు కాలేదనియు, బైబిలును ఆద్యంతము చదివియు క్రైస్తవుడు కాలేదనియు చెప్పి, చదివి మంచిచెడ్డలు తామే నిర్ణయించుకొనుడని వారిని సమాధానపఱచెను. తరువాత కొన్ని వారములు ప్రతిదినమును ఆ పాఠమునకు వచ్చి కూర్చుండెను. ఆ నవంబరులోనే ఆయన ఇంగ్లండునకు ప్రయాణమై, 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు నగరమున పరమపదించెను.

ఆయన కనులు మూసిన పిదప జరిగినదానిని దాచుట చరిత్రకారునకు ధర్మము కాదు. డఫ్ ఆశయము జ్ఞానదానముతో ముగియునది కాదు. మతాంతరీకరణము దాని పరమావధి. 1845లో ఉమేశచంద్ర సర్కారను విద్యార్థి భార్యతోగూడ క్రైస్తవమతమును స్వీకరింపగా కలకత్తా అంతయు అట్టుడికెను. రామమోహనుని బడిలో చదివిన దేవేంద్రనాథుడే, సహగమన విషయమున రామమోహనుని కెదురు నిలిచిన రాధాకాంతదేవునితో చేతులు కలిపి, హిందూబాలురకై ఉచితపాఠశాల నెలకొల్పుటకు పూనుకొనెను. మన తెలుగుదేశమున బందరులో 1843లో నోబుల్ దొర స్థాపించిన పాఠశాలలోను, 1852లో ఇద్దఱు విద్యార్థులు మతము మార్చుకొనగా తల్లిదండ్రులు భయపడి పిల్లలను మాన్పించిరి.

అట్లయిన రామమోహనుని సలహా తప్పా? ఆయన చెప్పిన సూత్రము సత్యము. చదివినంతమాత్రమున మతము మాఱదు. కాని ఆయన చూపిన దృష్టాంతములు పక్వబుద్ధిగల పండితులవి. బాలుని స్థితి వేఱు. ఉపాధ్యాయుని ప్రసన్నతయు, పరీక్షయు, భవిష్యత్తును ఆ గురువు చేతిలో నుండగా, ఇష్టమైనచో నమ్ముము, లేనిచో మానుము అనుట పేరునకు మాత్రమే స్వేచ్ఛ. ఆ గదిలో రామమోహనుడు కూర్చున్నన్నినాళ్లు పఠనము పఠనముగా నుండెను. ఆయన వంటి పెద్ద ప్రతి బడిలో కూర్చుండుట సాధ్యము కాదు గనుక, ఆ పని చట్టము చేయవలసివచ్చెను.

1854 నాటి విద్యాశాసనము ప్రభుత్వ పాఠశాలలలో బోధన లౌకికముగానే యుండవలెనని విధించెను. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగములోని 28వ అధికరణము, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములలో మతబోధను నిషేధించుచున్నది. ప్రభుత్వ గుర్తింపో సహాయధనమో పొందు విద్యాలయములలో, విద్యార్థి మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేక, అతనిని మతబోధకు కూర్చుండబెట్టరాదని చెప్పుచున్నది. అయితే మతములను గూర్చి తెలిసికొనుట వేఱు, ఒక మతమును బోధించుట వేఱు అని సర్వోన్నత న్యాయస్థానము 2002లో అంగీకరించినది. రామమోహనుని పాఠశాలలో చరిత్రగా చెప్పినదానికిని, డఫ్ పాఠశాలలో ఆశించినదానికిని గల భేదమిదియే.

కావున విద్యాభిమానులకు నా మనవి యిది. సర్వజనుల పాఠశాలలో ఉపనిషత్తులు, ఖురాను, బైబిలు, బౌద్ధ జైన సిక్కు గ్రంథములు ఏమి చెప్పుచున్నవో జ్ఞానవిషయముగా నేర్పుడు. ఏ గ్రంథమును నిందింపకుడు, దేనికిని బాలునిచేత మ్రొక్కింపకుడు. భక్తిని నేర్పవలసినది ఇల్లును, దేవాలయమును, మసీదును, చర్చియు, సమాజమందిరమును. అట్లు గాక ఒక్క గ్రంథమునే పాఠ్యముగా నిలుపగోరువారు, ఆ తరగతిలో తమ బిడ్డకు బదులు అన్యమతస్థుని బిడ్డ కూర్చున్నట్లు ఒక్కసారి ఊహించుకొందురు గాక. అన్ని గ్రంథములను చదివి దేనికిని దాసుడు కాని ఆ మహాశయుని జీవితము మనకు నేర్పు నీతి యిదియే.