గుల్జారు హౌజు – మీర్ మోమిన్ అస్తరాబాదీ

మన శంషాబాదు విమానాశ్రయమున దిగి పాతనగరమునకు బోవువారు చార్మినారును జూచి మరలుదురు. దానికి ఉత్తరమున నాలుగు కమానుల నడుమ గుల్జారు హౌజను జలయంత్రము గలదు. వాహనములు దానిని చుట్టి పోవుచుండును. నిలిచి చూచువారు అరుదు. దానికి చోటు చూపిన నగరమునకు రూపకల్పన చేసినవానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

మీర్ మోమిన్ పారసీక దేశమునందలి అస్తరాబాదువాడు. విద్యావంతుడగుటచే తహ్మాస్పు షా కుమారుడగు హైదరు మీర్జాకు గురువయ్యెను. 1576లో షా మరణింపగా, సింహాసనమునకై పుట్టిన కలహమున నా రాకుమారుడు వధింపబడెను. శిష్యుని గోల్పోయిన గురువునకు ఆస్థానమున నిలువనీడ యెక్కడిది? స్వదేశమును విడిచి, 1581 ప్రాంతమున గోలకొండ జేరెను. కోటలో పారసీకము చెల్లుచుండెను గాని వీధిలో వినవచ్చునది తెలుగే.

అప్పటి సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్ షా మిక్కిలి పిన్నవాడు. ఆయన 1585లో నీ పరదేశిని పేష్వాగా, అనగా ప్రధానమంత్రిగా, నియమించెను. కోట జనముతో గ్రిక్కిరిసెను, నీటికి కటకట. అందుచే 1591లో మూసీకి ఆవల నూతన నగరమును గట్టిరి. రెండు రాజమార్గములు కలియుచోట చార్మినారు, దాని చెంత విశాలమగు చతురమునకు నాలుగు కమానులు, నడుమ హౌజు. నాలుగు దిక్కుల హౌజను నర్థమున దానికి చార్సూ కా హౌజని తొలిపేరు. దప్పిగొన్న కోటను విడిచి వచ్చినవారు క్రొత్త యూరి నడుమ నీటిని నిల్పుట మాకు మిక్కిలి సహజముగ దోచుచున్నది.

రోమునగరమున నవోనా చతురమునందు బెర్నినీ యను శిల్పి 1651లో ముగించిన నాలుగు నదుల జలయంత్రము జగత్ప్రసిద్ధము. అందు మన గంగయు నున్నది. కాని గంగమ్మను గడ్డముగల పురుషునిగా జెక్కిరి! మన హౌజు దానికంటె సుమారు అరువదియేండ్లు పెద్దది.

మీర్ మోమిన్ తూనికలు కొలతలను గూర్చి యొక గ్రంథమును రచించెను. సైదాబాదు, మీర్‌పేట గ్రామములను నెలకొల్పెను. 1612లో సుల్తాను గతించిన పిమ్మటను క్రొత్త ప్రభువునకు ఆలోచన చెప్పుచు, 1625లో మరణించెను. తాను నెలకొల్పిన శ్మశానమగు దాయిరాలోనే ఆయన సమాధి యున్నది. అందు గర్బలా మట్టిని దెప్పించి కలిపించెనని చెప్పుదురు. 1883లో మరణించిన మొదటి సాలారుజంగును గూడ నచ్చటనే పూడ్చిరి.