తీగపై నడిచిన వార్త – శామ్యూల్ మోర్స్

ఒక కంప్యూటరులోని సమాచారం దూరాన ఉన్న మరొక కంప్యూటరును చేరాలంటే ముఖ్యంగా మూడు అవసరం. సమాచారాన్ని సంకేతాలుగా మార్చే పద్ధతి, ఆ సంకేతాలను మోసుకుపోయే మార్గం, దారిలో సన్నగిల్లిన సంకేతానికి తిరిగి బలం చేకూర్చే సాధనం. కంప్యూటర్లు పుట్టడానికి నూరేళ్ళ ముందే ఈ మూడింటినీ ఒకచోట చేర్చి వార్తను తీగపై నడిపించిన వారిలో అగ్రగణ్యుడు శామ్యూల్ మోర్స్. ఆయన వృత్తిరీత్యా శాస్త్రవేత్త కాడు, చిత్రకారుడు.

మోర్స్ 1791 ఏప్రిల్ 27న అమెరికాలోని చార్లెస్‌టౌన్‌లో జన్మించాడు. 1810లో యేల్ కళాశాలలో పట్టభద్రుడై, లండనులో చిత్రకళను అభ్యసించాడు. 1825లో ఒక ప్రముఖుని చిత్రాన్ని గీయడానికి వాషింగ్టన్ వెళ్ళినప్పుడు, న్యూహేవెన్‌లో ఉన్న ఆయన భార్య హఠాత్తుగా మరణించింది. వార్త గుర్రపు వేగాన్ని మించి ప్రయాణించలేని కాలమది. తండ్రి రాసిన ఉత్తరం అందుకొని ఆయన ఇల్లు చేరేసరికి అంత్యక్రియలు సైతం ముగిసిపోయాయి.

1832లో ఐరోపా నుండి ఓడలో తిరిగి వస్తుండగా, విద్యుదయస్కాంతాన్ని గూర్చి తోటి ప్రయాణికుడు చెప్పిన మాటలు ఆయనను ఆలోచింపజేశాయి. విద్యుత్తుతో వార్తలు పంపవచ్చుననే తలంపు అంకురించింది. చేతిలో ధనం లేదు. చిత్రపటాన్ని బిగించే కొయ్య చట్రంపైనే తొలి యంత్రాన్ని అమర్చుకున్నాడు. అయితే తీగ పొడవు పెరిగేకొద్దీ విద్యుత్తు క్షీణించేది. జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త పరిశోధనలు ఈ చిక్కుముడిని విప్పాయి. సన్నగిల్లిన విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తే చాలు, అది మరొక బ్యాటరీని కలిపి సంకేతాన్ని కొత్త బలంతో ముందుకు పంపుతుంది. ఈ సాధనమే రిలే. నేటి రాగితీగల నెట్‌వర్కులో సాధారణంగా నూరు మీటర్లు దాటితే రిపీటరో, స్విచ్చో అవసరమవుతుంది. దానికి కారణమూ ఇదే.

ఆల్‌ఫ్రెడ్ వేల్ అనే సహచరుని తోడ్పాటుతో యంత్రమూ, చుక్కలూ గీతలతో కూడిన లిపీ మెరుగుపడ్డాయి. తరచుగా వచ్చే అక్షరానికి చిన్న సంకేతం, అరుదుగా వచ్చేదానికి పెద్ద సంకేతం కేటాయించడం అందులోని నేర్పు.

1843లో అమెరికా ప్రభుత్వం 30,000 డాలర్లు మంజూరు చేసింది. మొదట తీగలను భూమిలో పాతారు. వాటిపై తొడుగు సరిగా లేక ఆ ప్రయత్నం విఫలమైంది. ధనం తరిగిపోతున్నా మోర్స్ నిరాశ చెందలేదు. స్తంభాలు నాటించి తీగలను వాటిపైకి ఎక్కించాడు. 1844 మే 24న వాషింగ్టన్ నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని బాల్టిమోరుకు వార్త క్షణాలలో చేరింది. క్రమంగా తీగలు ఊళ్ళను అల్లుకున్నాయి. కూడలి కార్యాలయంలోని ఉద్యోగి చిరునామా చదివి, వార్తను తగిన తీగపైకి మళ్ళించేవాడు. నేడు ఆ బాధ్యత రౌటరుది.

కీర్తితోపాటు వివాదాలూ వచ్చాయి. హెన్రీకి దక్కవలసిన గౌరవాన్ని మోర్స్ తగినంతగా ఇవ్వలేదు. 1854లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన యంత్రంపై హక్కులను సమర్థించింది. కాని, విద్యుత్తుతో దూరాన అక్షరాలను ముద్రించే ప్రతి పద్ధతీ తనదేనన్న వాదాన్ని తిరస్కరించింది. ప్రకృతిశక్తి ఏ ఒక్కరి సొత్తూ కాదు గదా!

1872 ఏప్రిల్ 2న మోర్స్ కన్నుమూశాడు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది. అయినా సంకేతం, మార్గం, పునర్బలం అనే సూత్రాలు ప్రతి నెట్‌వర్కులోనూ సజీవంగా ఉన్నాయి. నాడు ఒక భర్తకు సకాలంలో అందని వార్త, ఇప్పుడు సముద్రాలు దాటి రెప్పపాటులో అందుతున్నది. అనేకుల మేధస్సు ఒక తీగపై కలిసినందువల్లనే అది సాధ్యమైంది.